తలసేమియా పిల్లల కోసం 21 కిలోమీటర్లు: ఒక విరాళాల పరుగు కార్యక్రమంపై నా అంచనా

హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ మారథాన్ పరుగెత్తి, ఆ పరుగు పేరు మీద తలసేమియా పిల్లల కోసం విరాళాలు సేకరించే కార్యక్రమంలో నేను పాల్గొన్నాను. ఈ పిల్లలకు ఉచితంగా రక్తం ఎక్కించే ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని నడుపుతోంది. మారథాన్ నిర్వాహకులతో ఈ సంస్థకు సంబంధం లేదు; పరుగుకు ఎవరి రుసుము వారే కట్టుకోవాలి. శిక్షణ ఇవ్వడం, విరాళాల పేజీ తయారు చేయడం, దాతలకు రసీదులు పంపడం, చివరికి ఖర్చుల లెక్క చెప్పడం సంస్థ బాధ్యత. మంచితోపాటు లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి సంస్థ పేరు చెప్పడం లేదు. ఇలాంటి పరుగులో ఏ సంస్థ తరఫున చేరాలనుకునేవారికైనా ఉపయోగపడాలన్నదే నా ఉద్దేశం.

నేను డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. రెండేళ్ల క్రితం మొదటి సంవత్సరం తరగతిలో ఒక అబ్బాయి ప్రతి మూడో శనివారం రాకపోయేవాడు. హాజరు తగ్గిందని పిలిచి అడిగితే, చొక్కా చేయి పైకి మడిచి మోచేతి మడత దగ్గర వరుసగా ఉన్న సూది మచ్చలు చూపించాడు. "శనివారం నాకు రక్తం ఎక్కిస్తారు మేడమ్. ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచీ అంతే" అన్నాడు. అతడు వెళ్లే కేంద్రం ఈ సంస్థదే. ఆ ఏడాదే నేను ఉదయం పూట నడక మానేసి పరుగు మొదలుపెట్టాను, కనుక సంస్థ ప్రకటన కనబడినప్పుడు రెండో ఆలోచన లేకుండా పేరు ఇచ్చాను.

పేరు ఇచ్చినవారిని మొదటి వారంలోనే కేంద్రానికి పిలిచి ఒక పూటంతా అక్కడ కూర్చోబెట్టారు. ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మనం ఎవరి కోసం చేయి చాస్తున్నామో, ఆ డబ్బు దేనికి మారుతుందో కళ్లతో చూడకుండా నలుగురినీ అడగడం చాలా కష్టం. చూశాక అడగడం సులువైంది.

తలసేమియా గురించి అక్కడి వైద్యురాలు చెప్పింది క్లుప్తంగా ఇది. ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన జన్యువుల్లో ఒకటి 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఆ జన్యువు ఒక ప్రతి బాగుండి, ఒక ప్రతి లోపంతో ఉంటే వారికి ఏ జబ్బూ ఉండదు. చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు. కానీ వారికి కలిగే ప్రతి కాన్పులోనూ బిడ్డకు లోపమున్న ప్రతులు రెండూ చేరే అవకాశం 25 శాతం ఉంటుంది. అలాంటి బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తగ్గిపోయే కొద్దీ, ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు, పాలిపోవడం, పాలు తాగకపోవడం, పొట్ట ఉబ్బడం మొదలవుతాయి. అప్పటి నుంచి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. మూలుగ మార్పిడి జరిగి నయమైతే తప్ప ఇది జీవితాంతం సాగవలసిందే.

రక్తం ప్రాణం నిలుపుతుంది, దానితోపాటే ఇనుమును ఒంట్లోకి తెస్తుంది. మనం తినే తిండి నుంచి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుము మాత్రమే ఒంటికి పడుతుంది. ఒక్క రక్తం సంచిలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అదనంగా చేరిన ఇనుమును బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. మూడు వారాలకొక సంచి చొప్పున లెక్క వేస్తే ఏడాదికి 17 సంచులు, అంటే ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో మొత్తం ఉండే ఇనుముకు సమానమైనంత ప్రతి ఏడాదీ ఆ ఒంట్లో కొత్తగా చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో, ఎదుగుదలకు కావలసిన గ్రంథుల్లో పేరుకుంటుంది. అందుకే ఇనుమును పట్టి బయటికి తీసుకుపోయే మందు రోజూ వాడాలి. ఒకప్పుడు రాత్రంతా పొట్ట చర్మం కింద సూదితో, చిన్న పంపు ద్వారా ఎక్కించే మందే దిక్కు. ఇప్పుడు నీళ్లలో కలిపి తాగే మాత్రలున్నాయి. మాత్రలున్నా ప్రతి నెలా కొనాలి, ఒక్కరోజూ మానకూడదు. నేను కామర్స్ చదివినదాన్ని కాబట్టి నాకు ఇదంతా ఒక జమాఖర్చుల పుస్తకంలా అర్థమైంది: జమ పెరుగుతూనే ఉంటుంది, ఖర్చు రాయడం ఒక్కరోజు మరిచినా నిల్వ తేడా వస్తుంది.

నా పక్క మంచం మీద రెండో తరగతి చదివే పాప ఉంది. కుడి చేతికి రక్తం ఎక్కుతోంది, ఎడమ చేత్తో ఎక్కాల పుస్తకంలో ఏడో ఎక్కం రాసుకుంటోంది. అలవాటైన ఎడమ చేయి కాబట్టి అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి. సంచికీ గొట్టానికీ మధ్య అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా వేలాడుతోంది. తెల్ల రక్తకణాలను పట్టి ఆపే ఫిల్టర్ అది. అది లేకుండా ఎక్కిస్తే కొందరు పిల్లలకు వణుకు, జ్వరం వస్తాయని, పదే పదే ఎక్కించుకునేవారికి ఆ కణాల వల్ల ఇతర చిక్కులూ వస్తాయని నర్సు చెప్పింది. ఒక్కో ఫిల్టర్ ఒక్కసారికే పనికొస్తుంది. పాప తల్లి మహబూబ్‌నగర్ వైపు నుంచి తెల్లవారుజామున మొదటి బస్సుకు వస్తుందట. "ఇరవై దినాలకొకసారి వస్తం మేడమ్. మొదట్ల పట్నమంటే భయముండె, ఇప్పుడు ఇది మా ఊరు లెక్కనే అయింది" అంది. పాపకు ఆ రోజు ఎక్కించకముందు హిమోగ్లోబిన్ 8.9 ఉందని, అది తొమ్మిదికి పైన ఉండాలని, పోయినసారి రక్తం దొరకక నాలుగు రోజులు ఆలస్యమైందని వివరంగా చెప్పింది. ఆమె బడికి వెళ్లలేదు. ఆ అంకెలు మాత్రం ఆమెకు కంఠతా వచ్చు.

శిక్షణ విషయానికి వస్తే, పదహారు వారాల ప్రణాళిక ఇచ్చారు. వారంలో మూడు రోజులు ఎవరి వీలును బట్టి వారు పరుగెత్తాలి, ఆదివారం ఉదయం అయిదు గంటలకు అందరూ నెక్లెస్ రోడ్డులో కలవాలి. వారానికి పది శాతానికి మించి దూరం పెంచనివ్వని కోచ్ మాకు దొరకడం అదృష్టం. తొమ్మిదో వారంలో నాకు మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి మొదలైంది. ఓర్చుకుని పరుగెత్తుతానంటే ఆయన ఒప్పుకోలేదు. "పరుగు పోతే వచ్చే ఏడాది ఉంటుంది మేడమ్, ఎముక చిట్లితే ఈ ఏడాదంతా పోతుంది" అని పది రోజులు సైకిల్ తొక్కించారు, బూట్లు మార్పించారు. కొత్తగా మొదలుపెట్టేవారికి నా మాట కూడా ఇదే: దాతలకు మాట ఇచ్చామన్న పట్టుదలతో నొప్పిని దాచుకోవద్దు. ఒకవేళ పరుగెత్తలేకపోయినా సేకరించిన డబ్బు పిల్లలకే చేరుతుందని సంస్థ ముందే రాతపూర్వకంగా చెప్పింది. మీరు చేరే చోట కూడా ఆ మాట రాయించుకోండి.

శిక్షణలో ఒకే ఒక లోటు కనబడింది. ఆదివారాలు కలిసేది చెరువు పక్కన చదునైన దారిలో. అసలు పరుగులో ఉండేది ఎత్తుపల్లాలు. దానికోసం నేను విడిగా కేబీఆర్ పార్కు చుట్టూ, జూబ్లీహిల్స్ వీధుల్లో పరుగెత్తాను. ప్రణాళికలో నెలకు రెండు ఆదివారాలైనా ఎత్తు దారులకు కేటాయిస్తే బాగుండేది.

ఇక విరాళాల పేజీ. ఎక్కువ వివరంగా రాయవలసిన భాగం ఇదే, ఎందుకంటే నాకు మంచి అనుభవమూ చేదు అనుభవమూ రెండూ ఇక్కడే కలిగాయి. సంస్థ తన సొంత వెబ్‌సైట్‌లో కాకుండా వేరే కంపెనీ నడిపే విరాళాల వేదికపై మా పేజీలు తెరిచింది. నా లక్ష్యం లక్షన్నర రూపాయలు. మొదటి వారంలోనే మా నాన్నగారి స్నేహితుడు, నేను బాబాయ్ అని పిలిచే పెద్దాయన, 5,000 రూపాయలు పంపి ఫోన్ చేశారు. "అమ్మా, ఖాతాలోంచి 5,700 పోయాయి, ఆ 700 ఎవరికి?" అని అడిగారు. చూస్తే, విరాళం మొత్తం కింద వేదిక నిర్వహణకు "ఇష్టమైతే ఇవ్వండి" అన్న పేరుతో 14 శాతం ముందే ఎంచి పెట్టి ఉంది. వద్దనుకున్నవారు వెతికి దాన్ని సున్నాకు మార్చుకోవాలి. డెబ్బై రెండేళ్ల మనిషికి చిన్న ఫోన్‌లో అది ఎలా కనబడుతుంది? వేదిక నడపడానికి ఖర్చవుతుందని నేను ఒప్పుకుంటాను, అడగడం తప్పని కూడా అనను. కానీ అడగడం వేరు, ముందే కలిపి పెట్టడం వేరు. పిల్లల రక్తం కోసం ఇస్తున్నానని నమ్మి ఇచ్చిన మనిషికి తెలియకుండా ఒక్క రూపాయి పక్కకు పోయినా ఆ నమ్మకాన్ని మళ్లీ సంపాదించడం ఎవరి తరమూ కాదు.

ఈ సంగతి సంస్థకు రాస్తే రెండు రోజుల్లో జవాబు వచ్చింది. బాబాయ్‌గారి 700 రూపాయలు వేదికతో మాట్లాడి వెనక్కి ఇప్పించారు, పేజీలోనే సంస్థ బ్యాంకు ఖాతా వివరాలు, క్యూఆర్ కోడ్ పెట్టుకోవడానికి అనుమతించారు. అప్పటి నుంచి నా దాతల్లో ఎక్కువమంది నేరుగా సంస్థ ఖాతాకే పంపారు. ఇది మేము అడిగాక కాకుండా మొదటి రోజు నుంచే ఉండవలసిన ఏర్పాటు.

రెండో ఫిర్యాదు ఫోటో గురించి. పేజీకి వాడమని ఇచ్చిన నమూనాలో మంచం మీద ఏడుస్తున్న పిల్లవాడి బొమ్మ, పక్కన అతడి పూర్తి పేరు, ఊరి పేరు ఉన్నాయి. తల్లిదండ్రుల సంతకం తీసుకున్నామని చెప్పారు. తీసుకుని ఉండవచ్చు, కానీ ఆ పిల్లవాడు రేపు పెద్దవాడై ఉద్యోగం వెతుక్కుంటాడు, పెళ్లి చేసుకుంటాడు. ఈ బొమ్మ అతడి వెంటే ఉంటుంది. నా విద్యార్థి తన జబ్బు సంగతి తరగతిలో ఎవరికీ చెప్పవద్దని నన్ను ఎంత బతిమాలాడో నాకు గుర్తుంది. అందువల్ల నేను ఆ బొమ్మ తీసేసి, పాప చేతిరాతలో ఉన్న ఏడో ఎక్కం కాగితాన్ని, తల్లీ పాపా ఇద్దరినీ అడిగి, పేరు లేకుండా పెట్టాను. విరాళాలు ఏమీ తగ్గలేదు. తరువాత జట్టులో మరికొందరు కూడా తమ పేజీల్లో బొమ్మలు మార్చారు. నమూనాను కూడా మారుస్తామని సంస్థ చెప్పింది.

పన్ను రసీదుల విషయంలో సంస్థ పని చక్కగా ఉంది. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80జీ కింద ఆ ఏడాది వారికి ఆమోదం ఉంది. పాన్ నంబరు ఇచ్చిన ప్రతి దాతకూ 10బీఈ ధ్రువపత్రం పంపారు. అయితే దాతలకు ముందే స్పష్టంగా చెప్పవలసినవి రెండున్నాయి. నేను సేకరించిన ఏడాది నిబంధనల ప్రకారం కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు వర్తించదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఎవరికీ వర్తించదు. నా సహోద్యోగి ఒకరు 10,000 రూపాయలు కవరులో పెట్టి ఇవ్వబోతే ఆపి, బ్యాంకు ద్వారా పంపించాను.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. డల్లాస్‌లో ఉండే మా పెద్దనాన్నగారి అమ్మాయి 500 డాలర్లు ఇస్తానంటే సంస్థ వద్దంది. ఆమెకు అమెరికా పౌరసత్వం ఉంది. విదేశీ పౌరుల డబ్బు, వారు ఇక్కడ పుట్టినవారైనా సరే, విదేశీ విరాళమే అవుతుంది. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకు రావాలి. ఈ సంస్థకు ఆ నమోదు లేదు. అదే సమయంలో మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న నా పాత విద్యార్థిని భారత పాస్‌పోర్టు ఉన్నదే కాబట్టి, తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఏ అడ్డూ రాలేదు. వచ్చే డబ్బును చట్టం కోసం కాదనుకున్న సంస్థ లెక్కల్లో కూడా నిజాయతీగా ఉంటుందన్న నమ్మకం నాకు ఆ రోజే కుదిరింది. మా అక్కకు కొంచెం కష్టంగా అనిపించినా, ఇక్కడికి వచ్చినప్పుడు కేంద్రంలో రక్తదానం చేస్తానని మాట ఇచ్చింది.

పరుగు ఆగస్టులో. తెల్లవారకముందే పీపుల్స్ ప్లాజా దగ్గర వేలమంది చేరారు. వాన లేదు, కానీ గాలిలో తేమ ఎంతగా ఉందంటే, పంజాగుట్ట చేరకముందే ఒంటికి బట్టలు అంటుకుపోయాయి. సంస్థ ఇచ్చిన టీషర్టు నూలుది, ఎదురురొమ్ము మీద మందమైన రంగుతో పెద్ద ముద్ర ఉంది. పది కిలోమీటర్లు దాటేసరికి అది నీళ్లు పీల్చిన తువ్వాలులా బరువెక్కి, చంకల దగ్గర చర్మం ఒరుసుకుపోయింది. చెమట త్వరగా ఆరే బట్టతో కుట్టిస్తే ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. అలాంటప్పుడు టీషర్టు బదులు పిన్నీసుతో పెట్టుకునే గుడ్డ పట్టీ ఇచ్చినా సరిపోతుంది.

జూబ్లీహిల్స్ ఎక్కుడు దారి నన్ను చాలా పరీక్షించింది. దుర్గం చెరువు తీగల వంతెన మీదికి వచ్చేసరికి తెల్లగా వెలుతురు వచ్చింది, చెరువు మీది గాలి ముఖానికి తగిలింది, కాస్త కుదుటపడ్డాను. పదిహేడో కిలోమీటరు దాటాక మళ్లీ ఎత్తు. అక్కడ నేను నడిచాను. నడుస్తున్నప్పుడు పక్కన వెళ్తున్న ఒక పెద్దాయన నా టీషర్టు మీద రాసింది చదివి, "తలసేమియా అంటే ఏమిటమ్మా?" అని అడిగారు. రొప్పుతూనే నాలుగు మాటల్లో చెప్పాను, పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోవచ్చని కూడా అన్నాను. "మా మనవడికి పెళ్లి కుదిరింది. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు?" అని అడిగి, సంస్థ పేరు రెండుసార్లు పలికి గుర్తుపెట్టుకున్నారు. టీషర్టు ఎంత ఒరుసుకున్నా, దాని మీది అక్షరాలు చేయవలసిన పని చేశాయి. గచ్చిబౌలి స్టేడియంలో గీత దాటేసరికి 2 గంటల 41 నిమిషాలు అయింది. సంస్థ గుడారంలో నా విద్యార్థి మజ్జిగ గ్లాసులు అందిస్తున్నాడు. అంతకు ముందు రోజు శనివారం. అతడికి రక్తం ఎక్కించిన రోజు.

సేకరణ ముగిసి అన్ని ఖర్చులూ పోగా నా పేజీ ద్వారా సంస్థకు చేరింది 1,83,400 రూపాయలు. ఇచ్చినవారు 96 మంది. లెక్క 45 రోజుల్లో పంపుతామన్నారు, 70 రోజులు పట్టింది. రెండుసార్లు గుర్తు చేయవలసి వచ్చింది. ఈ ఆలస్యాన్ని చిన్న విషయంగా తీసుకోలేను, ఎందుకంటే ఆ మధ్యకాలంలో దాతలు అడిగేది సంస్థను కాదు, మమ్మల్ని. వచ్చిన లెక్క మాత్రం నేను చదువు చెప్పే పుస్తకాల్లో పెట్టదగినంత శుభ్రంగా ఉంది. ఒక్కొక్కటి 700 రూపాయల చొప్పున 180 ఫిల్టర్లు, బిల్లు నంబర్లతో సహా. అంటే పదిమంది పిల్లలకు, ఒక్కోసారి ఒక్కో సంచి చొప్పున, ఏడాది పొడవునా సరిపోతాయి. మిగిలిన 57,400 రూపాయలను ఏం చేయాలని నన్నే అడిగారు. ఇలా అడగడం నేను ఎదురుచూడలేదు.

నాకు ఆ పెద్దాయన ప్రశ్న గుర్తుంది. పుట్టిన పిల్లలకు రక్తం, మందులు ఎంత అవసరమో, ఇంకా పుట్టని పిల్లల తల్లిదండ్రులకు ముందే తెలియడం అంత అవసరం. తలసేమియా లక్షణం, అంటే జబ్బు లేకుండానే ఆ జన్యువు ఒక ప్రతి లోపంతో ఉండటం, ఉన్నదీ లేనిదీ హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో పెళ్లికి ముందే తెలుసుకోవచ్చు. ఇద్దరిలో ఒక్కరికి మాత్రమే ఉంటే బిడ్డకు తీవ్రమైన తలసేమియా వస్తుందన్న భయం సాధారణంగా ఉండదు, ఇద్దరికీ ఉంటే గర్భం దాల్చిన తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకునే వీలుంది. అందుకని మా కళాశాలలోనే పరీక్షలు చేయమని అడిగాను.

ఈ కార్యక్రమానికి నేను అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ వేదిక ముందే కలిపి పెట్టిన సొమ్ముకు, ఆలస్యమైన లెక్కకు. వచ్చే ఏడాది మళ్లీ ఇదే సంస్థ తరఫున పరుగెత్తుతాను. చేరాలనుకునేవారు పేరు ఇచ్చే ముందే, విరాళంలో ఎంత వాటా నేరుగా పిల్లలకు చేరుతుందో, లెక్క ఏ తేదీకి ఇస్తారో, పిల్లల ఫోటోలు ఎలా వాడతారో అడిగి రాతలో తీసుకోండి. ఒక పూట కేంద్రంలో కూర్చోనివ్వమని కూడా అడగండి. చూపించడానికి వెనకాడే చోట చేరకండి.

ఒక్కో పరీక్షకు 410 రూపాయలు చొప్పున మిగిలిన డబ్బు 140 మందికి సరిపోయింది. గత నెల మా కళాశాల సెమినార్ హాల్లో రెండు రోజులు రక్త నమూనాలు తీసుకున్నారు. ఫలితాలు ఎవరివి వారికే మూసిన కవర్లలో ఇచ్చారు, లక్షణం ఉన్నవారితో వైద్యురాలు విడిగా మాట్లాడారు. మొదటి రోజు వరుసలో నిలబడ్డవారికి పేర్ల పట్టిక రాసి, కుర్చీలు సర్ది, భయపడినవారి పక్కన కూర్చున్నది నా విద్యార్థే. సూది ఎంత నొప్పి పుడుతుందని ఒకమ్మాయి అడిగితే, అతడు తన చొక్కా చేయి పైకి మడిచి, ఈసారి అందరి ముందూ, మోచేతి మడత చూపించాడు.